కేబుల్ పైసలు, పిల్లల నఫఖా



మా ఇంట్లో కేబుల్ తీయించేసి ఆరేళ్లు దాటింది. ఎందుకు తీయించావని అడిగినవాళ్లందరికీ నేనిచ్చిన జవాబు ఒకటే: పైసలు చాలక. ఈ జవాబు ఎందుకో ఎవరికీ ఆనదు. కొందరికి ఇది మరీ చిన్న కారణం, కొందరికి పైకి చెప్పుకోకూడని కారణం. అందుకని ఎవరికి తోచిన కారణం వాళ్లే పెట్టుకున్నారు. దీన్‌దార్ అయిపోయిందన్నారు. బేచారీ అన్నారు. ఇల్లు విడిపోయాక దునియా మీద ఇష్టం పోయిందన్నారు. ఇవేవీ కావు. నెలకు మూడు వందల ఇరవై రూపాయలు, అంతే. ఆ మూడు వందల ఇరవై మా ఇంట్లోంచి బయల్దేరి ఎక్కడెక్కడికి పోయాయో, ఎవరెవరి నోట్లో నానాయో చెప్పాలని ఇది రాస్తున్నాను. ముఖ్యంగా తలాఖో ఖులానో అయి, పిల్లల్ని పెట్టుకుని విడిగా ఉంటున్న బెహన్‌ల కోసం.

నాది ఖులా. 2019 ఫిబ్రవరిలో అయింది. ఎందుకు తీసుకున్నానన్నది ఇక్కడ రాయను. అది నాకూ, పిల్లల అబ్బాకూ, పైనున్న అల్లాహ్‌కూ తెలుసు, చాలు. మెహర్ వదులుకున్నాను. జహేజ్ సామాను మాత్రం జమాత్ పెద్దల ముందు లిస్టు చదివించి, ఒక్కొక్కటీ లెక్కచూసుకుని వెనక్కి తెచ్చుకున్నాను. మంచం, బీరువా, రెండు రాగి దేగ్చీలు, గ్రైండరు, టీవీ. ఆ టీవీ నా షాదీకి అబ్బా వాయిదాల మీద కొన్నది. వెనకాల పెద్ద మూపురం ఉండే పాతకాలం పెట్టె. ఆఖరి వాయిదా కట్టిన ఏడాదికే అబ్బా ఇంతిఖాల్ అయ్యారు. అందుకని అది మా అమ్మీకి టీవీ కాదు, అబ్బా గుర్తు. రోజూ పొద్దున ఫజర్ నమాజ్ అయ్యాక తన దుపట్టా కొంగుతో దాన్ని తుడిచేది.

గుంటూరులో రెండు గదుల పోర్షన్ అద్దెకు తీసుకున్నాం. నేను, అమ్మీ, పదేళ్ల కూతురు, ఆరేళ్ల కొడుకు. నాకు ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరు ఉద్యోగం, 8,500 జీతం. సాయంత్రాలు బ్లౌజులు, ఫాల్స్ కుడితే ఇంకో 2,500. మొత్తం 11,000. లెక్కల టీచర్ని కాబట్టి లెక్క రాసుకోవడం అలవాటు. ఇద్దత్ పూర్తయిన రోజునే ఒక పాత నోట్‌బుక్కు తీసి ఘర్ ఖర్చు రాయడం మొదలుపెట్టాను.

ఆ మొదటి పేజీ ఇప్పటికీ ఉంది. అద్దె 3,500. బియ్యం, పప్పు, నూనె కలిపి 3,000. పాలు 1,200. పిల్లలిద్దరి ఫీజు, టీచరు పిల్లలని సగం తగ్గించగా, 900. బడికి షేర్ ఆటో 800. గ్యాస్ 700. అమ్మీ బీపీ, షుగరు గోలీలు 600. కరెంటు 350. కేబుల్ 320. కూడితే 11,370. నా చేతికి వచ్చేది 11,000. పిల్లల అబ్బా దగ్గర్నుంచి వచ్చేది సున్నా. ఆ సున్నా కూడా రాశాను. రాయకపోతే అలాంటి వరస ఒకటి ఉండాలన్న సంగతే మర్చిపోతామని.

మూడు వందల డెబ్భై ఎక్కడ తగ్గించాలి? ఈ ప్రశ్న అందరికీ తెలిసిందే. పేజీ ముందు కూర్చుని పైనుంచి కిందకి, కిందనుంచి పైకి చదువుతాం. అద్దె తగ్గదు. గోలీలు మానకూడదు. బియ్యంలో ఎంత మిగుల్తుంది? పాలు అరలీటరు తగ్గిస్తే పిల్లల గ్లాసులు కళ్లముందు కదుల్తాయి. వేలు కిందకి జారి జారి కేబుల్ దగ్గర ఆగింది.

పూర్తిగా తీసెయ్యకుండా తగ్గించుకునే దారి ఉందేమోనని కూడా చూశాను. అదే ఏడాది ఫిబ్రవరి 1 నుంచి ట్రాయ్ కొత్త నియమాలు వచ్చాయి. ఇష్టమైన ఛానళ్లకే డబ్బు కట్టండి, బిల్లు తగ్గుతుందని అందరూ అన్నారు. వంద ఛానళ్ల వరకు కనెక్షన్ చార్జీ గరిష్ఠంగా 130 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే 153 రూపాయల 40 పైసలు. ఇందులో వచ్చేవి ఉచిత ఛానళ్లే. డబ్బులు కట్టాల్సిన పెద్ద తెలుగు ఛానళ్లలో ఎక్కువ భాగం అప్పట్లో 19 రూపాయల దగ్గర కూర్చున్నాయి. జీఎస్టీ కలిపితే ఒక్కోటి 22 రూపాయల 42 పైసలు. అమ్మీ సీరియళ్లకు రెండు, ఆమె పాత సినిమాలకు ఒకటి, పిల్లల బొమ్మలకు రెండు, వార్తలకూ ఆటలకూ చెరొకటి అని ఆ ధరనే వేసి ఏడు రాసి చూస్తే 310 దాటింది. ప్యాకేజీ 320కి ఉంది. పది రూపాయల కోసం అమ్మీకి ఏ సీరియల్ కావాలో, ఏది వద్దో పంచాయితీ పెట్టాలా? ఉంటే ఉండాలి, పోతే మొత్తం పోవాలి అనుకున్నాను.

జులై నెల డబ్బులకు కేబుల్ అబ్బాయి వస్తే బాక్సు తీసుకెళ్లిపొమ్మన్నాను. మంచి పిల్లాడు. "పర్లేదు ఆపా, వచ్చే నెల కలిపి ఇవ్వండి" అన్నాడు. "వచ్చే నెల కూడా ఇదే జీతం బేటా" అన్నాను. వైరు చుట్ట చుట్టి, బాక్సు సంచిలో వేసుకుని, సలాం చెప్పి వెళ్లిపోయాడు.

మగ్రిబ్‌కీ ఇషాకీ మధ్య ఇంట్లో అంత టైముంటుందని నాకు ఆ వారంలోనే తెలిసింది. అంతకుముందు ఆ గంటన్నర టీవీ మింగేసేది. ఇప్పుడు గోడ మీద గడియారం చప్పుడు, పక్క పోర్షన్‌లో కుక్కరు విజిలు, వీధిలో స్కూటర్లు. కొడుకు రెండు రోజులు ఏడ్చాడు, మూడో రోజు మరిచిపోయి వీధిలోకి పరుగెత్తాడు. ఆరేళ్ల వయసు అదొక నేమత్. అమ్మీ మాత్రం ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే కష్టంగా ఉండేది. తుడవడం మానలేదు, కానీ ఏడున్నర కాగానే అలవాటుగా తస్బీ పట్టుకుని ఆ పెట్టె ముందుకే వచ్చి కూర్చునేది. నల్లటి అద్దంలో మా గది, ట్యూబ్‌లైటు, ఆమె తెల్ల దుపట్టా కనిపించేవి.

అమ్మీకి కేబుల్ అంటే సీరియళ్లు మాత్రమే కాదని రంజాన్ దగ్గరపడుతున్నకొద్దీ తెలిసింది. మా మొహల్లా కేబుల్‌లో రంజాన్ నెలంతా మక్కా నుంచి తరావీహ్ చూపించేవారు. హజ్‌కి పోవాలని ఆమెకి ఎంత తమన్నా ఉందో, పోలేమన్న సంగతీ అంత ఖాయంగా తెలుసు. ఆ తెర మీద హరమ్‌ని చూసి కళ్లు తుడుచుకోవడమే ఆమె హజ్. అమ్మీ ఈ మాట ఎప్పుడూ పైకి అనలేదు. తర్వాత ఒకసారి మా ఖాలాతో ఫోన్లో అంటుంటే విన్నాను: "హమే కహా జాతే బా, ఉదర్‌చ్ దేఖ్‌లేతే థే." మనమెక్కడ పోతాం, అక్కడే చూసుకునేవాళ్లం, అని.

పొదుపు గురించి రాసేవాళ్లు ఇది రాయరు. ఖర్చు తగ్గిస్తే మిగిలింది ఎంతో చెప్తారు. ఆ మిగులు ఎవరి ఒంట్లోంచి కోసిందో చెప్పరు. మా ఇంట్లో 320 రూపాయల్లో సగానికి పైన అమ్మీ ఇచ్చింది.

కూతురి సంగతి వేరు. పదేళ్ల పిల్ల, అన్నీ అర్థమయ్యే వయసు. రోజూ సాయంత్రం ఎదురింటికి వెళ్లి డాన్సుల ప్రోగ్రాం చూసి వచ్చేది. రెండు వారాలు వెళ్లింది. తర్వాత మానేసింది. ఎందుకే అంటే, నచ్చట్లేదంది. ఇంకో రోజు జడ వేస్తుంటే తనే చెప్పింది: "ఆంటీ ప్రకటనలు వచ్చినప్పుడల్లా అడుగుతారు అమ్మీ. మీ అబ్బూ పైసలు పంపుతారా, ఫోన్ చేస్తారా, మళ్లీ నిఖా చేసుకున్నారా అని." తల నా వైపు తిప్పలేదు. "ప్రోగ్రాంలో ప్రకటనలు చాలా వస్తాయి" అంది.

నేను ఎదురింటికి కొట్లాటకు పోలేదు. ఆమె చెడ్డ మనిషి కాదు. ఈద్‌కి షీర్ ఖుర్మా ముందు మా ఇంటికే పంపుతుంది. కానీ మొహల్లాలో విడిపోయిన ఆడదాని కబురుకి ఉన్న గిరాకీ ముందు పదేళ్ల పిల్ల ముఖం ఎవరికీ కనబడదు. ఆ రాత్రి నోట్‌బుక్కులో కేబుల్ వరస పక్కన ఏమీ రాయలేదు గానీ, దాని విలువ 320 కంటే ఎక్కువని నాకు అర్థమైంది.

తర్వాత బయటి మాటలు మొదలయ్యాయి.

ఔరతోఁకా ఇజ్తెమా ఒకటి జరిగితే వెళ్లాను. బయాన్ చేస్తున్న ఆపాకి ఎవరు చెప్పారో, నన్ను చూపించి, "మాషా అల్లాహ్, ఈ బెహన్ ఇంట్లోంచి ఫిత్నాని తీసి పారేసింది" అన్నారు. నలభై మంది ఆడవాళ్లు నా వైపు తిరిగి మాషా అల్లాహ్ అన్నారు. నేను లేచి, "ఆపా, పైసలు లేక తీశాను, ఉంటే మా అమ్మీకి ఉంచేదాన్ని" అన్నాను. కొంచెం సేపు ఎవరూ మాట్లాడలేదు. ఆపా మంచిగా నవ్వి, "నియ్యత్ ఏదైనా ఖైర్ ఖైరే" అని ముందుకెళ్లారు. టీవీ హరామా హలాలా అన్న బహెస్‌లోకి నేను పోను, ఉలమా ఉన్నారు దానికి. నా మాట చిన్నది: ఒక మనిషి గతిలేక వదిలినదాన్ని తఖ్వా అని పొగిడితే, ఆ మనిషికి ఏం కావాలో అడిగే పని తప్పిపోతుంది. మాషా అల్లాహ్ అన్న నలభై మందిలో ఒక్కరూ, "మరి పిల్లల ఖర్చు ఎవరిస్తున్నారు?" అని అడగలేదు.

రెండో మాట షాదీఖానాల్లో వినేదాన్ని. "బేచారీ, ఇంట్లో టీవీ కూడా లేదట." బిర్యానీ వడ్డిస్తూ అనే మాట. ఇది మొదటిదానికంటే నయం, కనీసం ఇందులో పైసలు లేవన్న నిజం ఉంది. కానీ అక్కడా అంతే. జాలి వడ్డించి పళ్లెం తీసుకెళ్లిపోతారు.

మూడోది అసలు మాట. దాని కోసమే ఇదంతా రాస్తున్నాను.

అక్టోబరులో పిల్లల నఫఖా గురించి జమాత్‌లో కూర్చున్నాం. సదర్ సాబ్, ఇంకో నలుగురు పెద్దలు, పిల్లల బడే అబ్బా, నా తరఫున మా మామూ. పిల్లల అబ్బా రాలేదు, అన్నని పంపాడు. నేను పిల్లలిద్దరికీ కలిపి నెలకు ఐదు వేలు అడిగాను. నోట్‌బుక్కు తీసి పెద్దల ముందు పెట్టాను. బడే అబ్బా దాన్ని తిరగేశాడు. పేజీలు చూసి, తల ఊపి, ఎంతో మెచ్చుకుంటున్నట్టు అన్నాడు: "బహుత్ అచ్ఛా సంభాలీ మా. చూడండి సదర్ సాబ్, కేబుల్ కూడా తీసేసింది. దుబారా లేదు. ఇంత బాగా సర్దుకుంటోంది కదా, రెండు వేలు చాలవా?"

పెద్దల్లో ఇద్దరు తల ఊపారు. వాళ్లు దుర్మార్గులు కాదు. ఆ మాట వినడానికి ఇన్సాఫ్‌లాగే ఉంటుంది. ఖర్చు తక్కువైంది కాబట్టి ఇవ్వాల్సిందీ తక్కువ. కానీ లెక్కల టీచర్ని, ఆ తీసివేత ఎక్కడ జరిగిందో నాకు కనబడింది. నేను, మా అమ్మీ, నా కూతురు కలిసి ఆపుకున్న 320 రూపాయలు మా పేజీలో మిగులుగా చేరలేదు. పిల్లల అబ్బా బాకీలో తగ్గింపుగా చేరాయి. మా సబర్ ఆయనకి డిస్కౌంటు అయింది.

అప్పుడు నా నోటికి వచ్చిన మాట ఇది: "బడే అబ్బా, నేను రేపట్నుంచి రాత్రి అన్నం మానేస్తే ఆ రెండు వేలు కూడా తగ్గిస్తారా?" మామూ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. ఆ రోజు ఏమీ తేలలేదు. మజ్లిస్ చాయ్ తాగి లేచిపోయింది.

ఇంటికొచ్చి ఆలోచించాను. మన షరియత్‌లో ఈ విషయం గురించి ఏముందో నాకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. సూరె బఖరాలో 233వ ఆయత్ పాలు తాగే బిడ్డ, తల్లి, తండ్రి గురించి మాట్లాడుతుంది. పాలిచ్చే తల్లి తిండీ బట్టా ఆ బిడ్డ తండ్రి జిమ్మా అంటుంది. సూరె తలాఖ్ అయితే, విడిపోయిన తల్లి బిడ్డకి పాలిస్తే దానికి ఉజ్రత్ ఇవ్వమంటుంది. కన్నతల్లి పాలకే ఉజ్రత్ లెక్క కట్టిన దీన్ మనది. బుఖారీ షరీఫ్‌లో హజ్రత్ హింద్ గారి సంగతి మీరూ వినే ఉంటారు. మా ఆయన పిసినారి, నాకూ నా బిడ్డకూ చాలినంత ఇవ్వడని ఆమె ఫిర్యాదు చేస్తే, రసూలుల్లాహ్ (స.అ.వ.) ఆమెను సబర్ చెయ్యమనలేదు. మారూఫ్ ప్రకారం తనకీ బిడ్డకీ ఎంత చాలుతుందో అంత ఆయన సొమ్ములోంచి తీసుకోమన్నారు. కొలత అక్కడే ఉంది. తల్లి ఎంతతో నెట్టుకురాగలదన్నది కాదు కొలత. మారూఫ్‌గా ఎంత చాలుతుందన్నది.

కానూన్ సంగతి నాకు తెలీదు, వెళ్లి తెలుసుకున్నాను. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ అని ప్రతి జిల్లాలోనూ ఉంటుంది. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకి అక్కడ వకీలు ఉచితం, ఆదాయం ఎంతని అడగరు. ఇది చాలామంది బెహన్‌లకు తెలియదు, అందుకే విడిగా చెప్తున్నాను. అక్కడ నాకు దొరికిన వకీల్ మేడమ్ రెండు సంగతులు చెప్పింది.

ఒకటి. నేను ఖులా తీసుకున్నాను కాబట్టి నా సొంత ఖర్చు మాట వేరు, దాని మీద వాదనలు నడుస్తాయి. పిల్లల నఫఖా మాత్రం నా ఖులాతో పోయేది కాదు. 1986 ముస్లిం మహిళల చట్టంలో పిల్లలకి పుట్టిన దగ్గర్నుంచి రెండేళ్ల వరకే అని ఉంది కదా అని కొందరు భర్తలు వాదించేవారట. 1997లో నూర్ సబా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. సెక్షన్ 125 కింద పిల్లల హక్కు వేరుగా నిలబడుతుంది, మేజర్ అయ్యేదాకా, ఆడపిల్లకి షాదీ అయ్యేదాకా, అని చెప్పింది. ఆ సెక్షనే ఇప్పుడు కొత్త సంహితలో 144 అయింది. ఆడవాళ్ల సొంత హక్కు గురించి కూడా, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ ఆ సెక్షన్ కింద అడగవచ్చని 2024 జులైలో తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు మళ్లీ తేల్చింది. నా కేసు నాటికి ఆ తీర్పు లేదు.

రెండోది. వకీల్ మేడమ్ నా నోట్‌బుక్కు చూసి అడిగింది: "మీరు మానేసినవి ఇందులో ఎందుకు లేవు?" ఖర్చు పెట్టనిదాన్ని ఎలా రాస్తామన్నాను. "రాయాలి. పిల్లలు ఇదివరకు ఎలా ఉండేవాళ్లు, ఇప్పుడు ఏం పోగొట్టుకున్నారు అన్నది కోర్టుకి తెలియాలి. లేకపోతే మీ లేమినే మీ అవసరం అనుకుంటారు" అంది.

ఈ మాట మీద షాబానో బేగం గుర్తొచ్చింది. మనందరికీ ఆ పేరు తెలుసు, ఆ పేరు మీద జరిగిన గొడవ తెలుసు. ఎంత డబ్బు గురించో ఎందరికి గుర్తుంది? ఇండోర్‌లో ఐదుగురు పిల్లల తల్లి ఆమె. భర్త పేరున్న వకీలు. 1979లో కింది కోర్టు నెలకు 25 రూపాయలు ఇప్పించింది. మరుసటి ఏడాది హైకోర్టు దాన్ని 179 రూపాయల 20 పైసలు చేసింది. 1985 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది కూడా ఆ 179 రూపాయల 20 పైసల్నే. దేశం మొత్తం ఊగిపోయింది ఆ అంకె మీద. నా మొదటి పేజీలో కేబుల్ కనీస చార్జీ 153 రూపాయల 40 పైసలు పక్కన పెట్టి చూసుకున్నాను. ఆ రోజుల రూపాయి వేరు, ఈ రోజుల రూపాయి వేరు, నాకు తెలుసు. అయినా పైసలతో సహా రాసిన ఆ అంకె చూస్తే, ఆమె కూడా ఎక్కడో ఒక కాగితం ముందు కూర్చుని పైనుంచి కిందకి చదువుకునే ఉంటుందనిపించింది.

నోట్‌బుక్కులో రెండో వరస గీశాను. ఎడమవైపు పెట్టిన ఖర్చు. కుడివైపు ఆపుకున్నవి. కేబుల్ 320. కూతురి డ్రాయింగ్ క్లాసు 300. కొడుకు బూట్లు. పండ్లు. డిసెంబరులో కేసు వేశాం.

మూడు నెలలకే లాక్‌డౌన్ వచ్చింది. కోర్టు మూతపడింది, మా బడి మూతపడి జీతం సగమైంది. 2020 రంజాన్ మసీదులన్నీ తాళాలు పెట్టుకున్న రంజాన్. హరమ్ షరీఫ్‌లోకి కూడా మామూలు జనాన్ని రానివ్వలేదు. అమ్మీ ఆ సంగతి విని, "ఇప్పుడు అందరం సమానం" అంది. ఆ నెల అంతా మా రెండు గదుల్లో తరావీహ్ అమ్మీ చదివింది, మేం వెనక నిలబడ్డాం. కేబుల్ ఉండుంటే అలా జరిగేదా అని ఎవరైనా అడిగితే, జరిగేదేమో, తెలీదు. ఆ నమాజ్‌లకి కేబుల్ లేకపోవడం కారణమని నేను చెప్పను. మళ్లీ ఎవరో మాషా అల్లాహ్ అంటారు.

పిల్లలకి బడి లేదు. ప్రభుత్వం దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వేస్తోందని తెలిసింది. అప్పటికి మా ఇంట్లో ఉన్నది నా చిన్న ఫోను ఒక్కటే. మాస్కులు కుట్టిన డబ్బుతో ఒక ఫ్రీ డిష్ పెట్టించాను. ఇది ప్రసార భారతి వాళ్లది, 2004 నుంచి ఉంది. ఛత్రీ, బాక్సు ఒక్కసారి కొనుక్కోవాలి, తర్వాత నెలనెలా ఏమీ కట్టక్కర్లేదు. నాకు బిగింపుతో కలిపి పదిహేను వందలయింది. అంటే ఐదు నెలల కేబుల్ బిల్లు కంటే తక్కువ. అమ్మీ కావాలనుకున్న సీరియళ్లు అందులో లేవు, పాత సినిమాలు ఉన్నాయి. అబ్బా పెట్టెలో మళ్లీ వెలుగొచ్చింది. కూతురు నోట్‌బుక్కు ఒళ్లో పెట్టుకుని దాని ముందు ఆరో తరగతి పాఠాలు రాసుకుంది. అమ్మీ కూడా పక్కన కూర్చుని సైన్సు వినేది.

2021లో మధ్యంతర ఆర్డరు వచ్చింది. పిల్లలిద్దరికీ కలిపి నెలకు నాలుగు వేలు. అడిగిన ఐదు రాలేదు, అనుకున్న రెండు కంటే ఎక్కువ వచ్చింది. ప్రతి నెలా వస్తుందా అంటే రాదు. రెండు నెలలు వస్తే ఒక నెల ఆగుతుంది, వకీల్ మేడమ్ మళ్లీ పిటిషను వేస్తే మళ్లీ కదుల్తుంది. రాని నెల ఎడమవైపు వరసలో సున్నా, కుడివైపు బాకీ రాస్తాను. మొదటి రోజు రాసిన సున్నాకి ఇప్పటి సున్నాకి తేడా అదే. ఇప్పటిదాని వెనక ఒక ఆర్డరు ఉంది.

కూతురు ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. ఇంట్లో ఫోన్లు వచ్చాయి, డేటా వచ్చింది, కేబుల్ గురించి పిల్లలెవరూ అడగరు. హరమ్ నుంచి తరావీహ్ అమ్మీ ఇప్పుడు ఫోన్లోనే చూస్తుంది, అంత చిన్న తెరలో కాబా కనబడటంలేదని విసుక్కుంటూనే. మళ్లీ పెట్టించుకోగలిగినా కేబుల్ పెట్టించలేదు. అవసరం తీరిపోయింది.

నా లాంటి బెహన్‌లకు చెప్పాల్సింది ఇదీ. ఖర్చు తగ్గించుకోండి, తగ్గించుకోక తప్పదు. కేబుల్ తీసెయ్యండి, ఆటో బదులు నడవండి, పాత దుపట్టాలతో పిల్లలకి ఫ్రాకులు కుట్టండి. అందులో సిగ్గు లేదు. కానీ రెండు వరసలు రాయండి. మీరు ఆపుకున్నది ఒక వైపు, మీ పిల్లలకి రావాల్సింది ఒక వైపు. మొదటిది మీ హిమ్మత్. రెండోది వాళ్ల హక్. పెద్దలు కూర్చున్న చోట ఎవరైనా మొదటిదాన్ని పొగిడి రెండోదాంట్లోంచి తీసెయ్యబోతే, నోట్‌బుక్కు తెరిచి చూపించండి. రసీదులు దాచిపెట్టుకోండి. డబ్బు చేతికివ్వకుండా ఖాతాలో వెయ్యమనండి, తారీఖు ఉంటుంది. సదర్ సాబ్ దగ్గర తేలకపోతే జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవల ఆఫీసు ఎక్కడో అడగండి. వెళ్లేటప్పుడు పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, ఆధార్‌లు, నిఖానామా, ఖులానామా జిరాక్సులు తీసుకెళ్లండి. మొదటి రోజే పని సగం అయిపోతుంది.

అబ్బాయిల అమ్మీలు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక మాట. మీ కొడుకు విడిపోయి ఉంటే, ఆ కోడలు ఎలా నెట్టుకొస్తోందో కబుర్లు తెప్పించుకోకండి. మీ మనవడి ఫీజు ఈ నెల కట్టారో లేదో మీ కొడుకునే అడగండి.